వ్యాసము వ్రాయించుట: ఒక పాత వివాదము నేర్పిన పాఠము

ఆవువ్యాసము కథ వినని తెలుగువారుండరు. ఒక బాలుడు ఆవును గూర్చిన వ్యాసము నొక్కదానిని వల్లించుకొని పరీక్షకు పోయెను. అచ్చట నిచ్చిన విషయము రైలు ప్రయాణము. పిల్లవాడు వెరవలేదు. రైలెక్కితిని, కిటికీయొద్ద కూర్చుంటిని, బయట పొలములో ఒక ఆవు కనబడెను అని మూడు వాక్యములు వ్రాసి, ఆవు సాధుజంతువు, దానికి నాలుగు కాళ్లును రెండు కొమ్ములును గలవు అని మొదలుపెట్టి, తాను వల్లించినదంతయు ఒప్పగించి వచ్చెను. ఈ కథ చెప్పుకొని మనము నవ్వుకొనుచుందుము. కాని కొంచెము నిలిచి ఆలోచించినచో నవ్వవలసినది ఆ బాలుని జూచి కాదేమో యని తోచును. ఆ విషయమున నీ అభిప్రాయమేమి, దానికి హేతువేమి అని వానిని ఎన్నడైన ఎవరైన అడిగిరా? అడుగనిచో వాడేమి వ్రాయగలడు? తన కిచ్చినదానిని తిరిగి ఇచ్చెను. అంతియే.

ఒక విషయమును వర్ణించుట వేరు. ఆ విషయమున ఒక పక్షమును గైకొని, హేతువులు చూపి, ఎదుటివాని శంకలను తీర్చి, చదువరిని తన వైపునకు త్రిప్పుకొనుట వేరు. ఈ రెండవదానిని మనము వాదవ్యాసమందము. పౌరుడు ఓటు వేయవలసిన దేశములో, పంచాయతీ సభ మొదలు శాసనసభ వరకు మాటతోనే పని జరుగవలసిన దేశములో, ఈ విద్య పండితులకు మాత్రమే చాలునని ఊరకుండుటకు వీలులేదు. దీనిని మన పిల్లలకు నేర్పు మార్గమేదియని విచారించునప్పుడు, మన భాషలోనే వ్యాసరచనను గూర్చి నూరేండ్లకు పైబడిన కాలమున జరిగిన యొక గొప్ప వివాదము జ్ఞప్తికి వచ్చును. ఆ వివాదమే ఒక పాఠశాల. అందులో వాదించినవారే మనకు ఉపాధ్యాయులు.

మొదట మన పాత చదువును చూతము. వాదించుట మన దేశమునకు క్రొత్త కాదు. న్యాయశాస్త్రము చదివినవారికి అనుమానవాక్యమునకు ఐదు అవయవములుండునని తెలియును: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. కొండమీద నిప్పున్నదనుట ప్రతిజ్ఞ. పొగ కనబడుచున్నది గనుక అనుట హేతువు. పొగయున్నచోట నిప్పుండును, వంటయింటిలో వలె ననుట ఉదాహరణము. ఈ కొండయు అట్టిదే యనుట ఉపనయము. కావున నిప్పున్నదని ముగించుట నిగమనము. మీమాంసకుల అధికరణమునకును ఐదంగములు గలవు. విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము అను నాలుగింటి తరువాత ఐదవదానిని కొందరు సంగతియనియు, కొందరు ప్రయోజనమనియు చెప్పుదురు. ఇందు మనము ముఖ్యముగ గమనింపదగినది పూర్వపక్షము. ఎదుటివాడు చెప్పదగిన మాటను వానికంటె బాగుగ మనమే చెప్పి, తరువాత దానిని ఖండింపవలెను. ఎదుటివాని మాటను వంకరగా చెప్పి గెలిచినవాని గెలుపును సభ మెచ్చదు.

ఇంత సామగ్రి యుండియు మన బడిలో వ్యాసరచన మొలకెత్తలేదు. ఏలయన ఆ వాదము సంస్కృతమున, నోటిమాటగా, శాస్త్రము చదివిన కొలదిమంది నడుమ సాగినది. తెలుగు చదువు కావ్యపఠనము. గురువు పద్యము చదివించును, పదచ్ఛేదము చేయించును, ప్రతిపదార్థతాత్పర్యములు చెప్పించును. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము ఏర్పడి ఇంగ్లీషు చదువు వ్యాపించిన తరువాత వ్యాసరచన వచ్చెను గాని అది ఇంగ్లీషు గంటలోని పని. తెలుగు గంటలో పాతపనియే నిలిచెను. ఒకే బాలుడు ఒక గంటలో తన యభిప్రాయమును పరభాషలో చెప్పుటకు తంటాలు పడుచు, మరుగంటలో తన భాషలో పరుల యభిప్రాయమునకు అర్థము చెప్పుచుండెను.

బడి వెలుపల మాత్రము తెలుగు వ్యాసము పుట్టినది. జిల్లా మునసబుగా పనిచేసిన సామినేని ముద్దునరసింహ నాయుడుగారు వ్రాసిన హితసూచని ఆయన మరణానంతరము 1862లో అచ్చయినది. విద్య, వైద్యము, వివాహము, మంత్రము, పిశాచము మున్నగు విషయములపై ఆయన వాడుక భాషలో వ్రాసిన భాగములకు ప్రమేయములని పేరు పెట్టిరి. ప్రమేయమనగా ప్రమాణముచేత తెలియదగినది. ఆ పేరులోనే ఒక నియమమున్నది: రుజువు చూపనిదే మాట చెల్లదు. ఆ తరువాత మనకు స్థిరపడిన వ్యాసమను పేరును తక్కువది కాదు. సమాసమనగా కూర్చుట, వ్యాసమనగా విడదీసి పరచుట. తలలో ముద్దగా నున్న అభిప్రాయమును విడదీసి, దేని తరువాత ఏది రావలెనో అట్లు పరచుటయే వ్యాసమనుకొన్నచో, వ్రాయుటకు ముందు ప్రణాళిక వేయుమను ఉపదేశము ఆ పదమునందే యున్నట్లు కాదా?

వాదవ్యాసమును తెలుగున ఆయుధముగ పట్టినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించిన నాటినుండి ఆయన కలము విశ్రమించలేదు. మొదట చిన్నయసూరి బాటలో వ్యాకరణబద్ధమైన గంభీరశైలి వ్రాసిన పంతులుగారు, పదుగురికి చెప్పవలసిన పని మీద పడగనే శైలిని తేటపరచుకొనిరి. 1879లో స్త్రీ పునర్వివాహమును గూర్చి రాజమహేంద్రవరమున ఆయన చేసిన ఉపన్యాసమును వాదము నేర్చుకొనువారు శ్రద్ధగా పరిశీలింపవలెను. సంస్కర్తయైన ఆయన దయాధర్మములు, మానవ సమానత్వము అను మాటలతో సరిపెట్టలేదు. వినవచ్చినవారు శాస్త్రమును నమ్మువారు. కావున పరాశరస్మృతిని ముందు పెట్టి వాదించిరి. అంతకు ముందు 1855లో బంగాళమున ఈశ్వరచంద్ర విద్యాసాగరులు నడచిన త్రోవయే అది. పండితులు ఆక్షేపణలు తెలుపగా అవి యన్నియు ఏరి, వాటికి సమాధానముగ మరియొక ఉపన్యాసము చేసిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిగెను. వినువాడు ఒప్పుకొను ప్రమాణముతోనే వానిని ఒప్పింపవలెనను సూత్రమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము మన భాషలో దొరకదు.

ఇక బడిలోనికి పోదము. 1904వ సంవత్సరపు విశ్వవిద్యాలయముల చట్టము తరువాత వచ్చిన క్రొత్త నిబంధనలలో ఇంటర్మీడియేటు విద్యార్థులకు దేశభాషలో వ్యాసరచన విధింపబడెను. క్రింది తరగతులలో స్కూలు ఫైనలు పరీక్షయు వచ్చెను. ఇప్పుడు ప్రశ్న పుట్టినది: తెలుగు విద్యార్థి ఏ తెలుగులో వ్రాయవలెను? అంతవరకు ఈ ప్రశ్న అవసరము కాలేదు. అర్థతాత్పర్యములు చెప్పువానికి సొంత భాషతో పనిలేదు. సొంత మాట చెప్పువానికే సొంత భాష కావలెను.

ఈ ప్రశ్నను కదిపినవారిలో ఒకరు ఇంగ్లీషువారు, ఒకరు తమిళులగుట వింత. ఉత్తర సర్కారులలో పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె. ఏ. యేట్సు దొర, పుస్తకములోని తెలుగునకును పిల్లలు మాటలాడు తెలుగునకును ఇంత యెడమేమని అడిగెను. విశాఖపట్టణమున ఏ. వి. ఎన్. కళాశాల ప్రధానాచార్యులును, తరువాతి కాలమున తమిళుల చరిత్ర వ్రాసి ప్రసిద్ధులైనవారునగు పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నను చేపట్టి, 1909లో దేశభాషల పక్షమున ఇంగ్లీషులో ఒక పుస్తకము ప్రకటించిరి. ఆయనకు తోడైనవారు విజయనగరమున చదువుకొన్న నాటి సహాధ్యాయులిద్దరు: గురజాడ అప్పారావుగారు, గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

అప్పారావుగారిని కన్యాశుల్కము మూలమున అందరెరుగుదురు. 1897లో మొదట అచ్చయి, 1909లో మార్పులతో మరల వెలువడిన ఆ నాటకము వాడుక భాష ఏమి చేయగలదో చూపియున్నది. రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. శ్రీముఖలింగ క్షేత్రమునందలి శాసనముల లిపిని తమంతట తాము నేర్చుకొన్న పరిశోధకులు. కొండలలోని సవరల భాష నేర్చి, ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని పాటుపడినవారు. పిల్లవానికి వాని నోటిమాటతోనే చదువు మొదలుపెట్టవలెనను నమ్మకము ఆయనకు గ్రంథములనుండి కాక కొండబడులలో కుదిరినది. సవర బాలునికి సవరభాష న్యాయమైనచో తెలుగు బాలునికి నేటి తెలుగు న్యాయము కాదా యని ఆయన ఆలోచన సాగినది.

1912 ప్రాంతమున స్కూలు ఫైనలు వ్యాసమును విద్యార్థి ప్రాచీన శైలిలో గాని ఆధునిక శైలిలో గాని వ్రాయవచ్చునని అధికారులు తెలిపిరి. ఆధునికశైలికి మచ్చుగా ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను పేర్కొనిరి. ఈ చిన్న సడలింపుతో తెలుగుదేశమున తుపాను లేచినది. 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తును స్థాపించిన జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథిక పక్షమునకు నాయకులైరి. సభలు జరిగెను, సంతకములు సేకరింపబడెను, మహజరులు పోయెను. 1913లో రామమూర్తి పంతులుగారు ఆధునికాంధ్రమును సమర్థించుచు, రామయ్య పంతులుగారు గ్రాంథికమును సమర్థించుచు, ఇరువురును ఇంగ్లీషులోనే పుస్తకములు ప్రకటించిరి. విశ్వవిద్యాలయము తెలుగు వ్యాసరచన విషయమున నియమించిన ఉపసంఘములో గ్రాంథికవాదులదే పైచేయి యయ్యెను. అప్పారావుగారు తమ అసమ్మతిని పుస్తకమంత పత్రముగా వ్రాసి 1914లో సమర్పించిరి. ఆధునిక శైలికి ఇచ్చిన యనుమతి రద్దయ్యెను. మరుసటి సంవత్సరము నవంబరు 30న అప్పారావుగారు కీర్తిశేషులైరి.

ఈ వాదమును ఇప్పుడు మన అధికరణపు ఐదంగములలో పెట్టి చూతము. మన పిల్లలకు వ్యాసపు ప్రణాళిక ఎట్లుండవలెనో దీనినిబట్టి తెలియును.

విషయము: విద్యార్థి వ్రాయు తెలుగు వ్యాసము. సంశయము: అది కావ్యవ్యాకరణమునకు లోబడిన భాషలో నుండవలెనా, నేటి శిష్టులు వాడు భాషలో నుండవలెనా? ఇంతవరకు సులభము. కాని ఈ రెండు వాక్యములు స్పష్టముగ వ్రాయలేకనే మన విద్యార్థులలో పెక్కురు దారి తప్పుదురు. “భాష” అను శీర్షిక క్రింద ఎంత వ్రాసినను వాదము పుట్టదు. అవునో కాదో చెప్పవలసిన ప్రశ్నగా మారినప్పుడే అది పుట్టును.

పూర్వపక్షము: గ్రాంథికవాదుల మాట తేలికగ త్రోసివేయదగినది కాదు. వాడుక భాష యనగా ఏ జిల్లా వాడుక? గంజాము మాట కడపకు వింత. ఒక కులము మాట ఇంకొక కులమునకు వింత. కావ్యభాష ఒక్కటే తెలుగువారి నందరిని వేయేండ్లుగా ఒక్కత్రాట కట్టియుంచినది. దానిని బడినుండి తొలగించినచో రేపటి బాలునికి భారతమును పరభాష యగును. వ్రాతభాషకును నోటిభాషకును భేదముండుట లోకములో క్రొత్తయు కాదు. ఇది రామయ్య పంతులుగారి పక్షపు సారము. దీనిని చదివి, కొంత నిజమున్నది సుమా యనిపింపనిచో పూర్వపక్షము సరిగా వ్రాసినట్లు కాదు.

సిద్ధాంతము: దీనికి ఆధునికులు మూడు విధముల సమాధానమిచ్చిరి. మొదటిది, మాటకు నిర్వచనము. తాము కోరునది ఏ మూల మాండలికమో కాదు, చదువుకొన్న శిష్టులు నలుగురిలో వాడు భాష యని చెప్పి, ఏ జిల్లా అను ప్రశ్నకు పదును తగ్గించిరి. రెండవది, చరిత్ర ప్రమాణము. పాత శాసనములు, కైఫియతులు, లేఖలు, వ్యాఖ్యానములు తీసి, వచనమున పూర్వులును తమ కాలపు వాడుకనే అనుసరించిరని చూపిరి. అనగా సంప్రదాయమును తెంచుచున్నది తాము కాదు, పద్యమునకు పుట్టిన నియమములను వచనముపై మోపినవారే యని వాదించిరి. మూడవది, ఫలప్రమాణము. గ్రాంథికమును తప్పులేకుండ వ్రాయుట పండితులకే అలవి కాదు; పిల్లవాని కాలమంతయు అరసున్నలకును సంధులకును పోవును; చెప్పదలచిన మాటకు వాని యొద్ద బలము మిగులదు.

ఇచట ఒక్క మాట విన్నవింపవలెను. మేమీ వ్యాసము వ్రాయుచున్న భాష ఆనాటి పరిషత్తువారి వాసన కొంత కలది. రామమూర్తి పంతులుగారు దీనిని చూచియుండినచో ఇందలి దోషములను పది నిమిషములలో ఏరి మా ముందు పోసెడివారు. ఆయన వాదములోని బలమును ఒప్పుకొనుటకు ఇంతకంటె సాక్ష్యము మాకు దొరకలేదు.

ఐదవ అంగము ప్రయోజనము. ఈ వాదము గెలిచినచో ఎవరికి మేలు, ఓడినచో ఎవరికి కీడు? గెలిచినచో సామాన్యుని బిడ్డ తన మాటను కాగితముపై పెట్టగలుగును. ఓడినచో వ్రాత కొందరి సొత్తుగనే నిలుచును. వాదవ్యాసమున కడపటి మాట ఇట్లుండవలెను. పై చెప్పిన కారణములచేత అని మొదలుపెట్టి చెప్పినదే మరల చెప్పుట ముగింపు కాదు.

ఇంత బలమైన వాదము 1914లో ఏల ఓడినది? విద్యార్థులకు మేము చెప్పదలచిన అసలు పాఠము ఇచట నున్నది. ఉపసంఘమున ఎవరి పక్షమువారు ఎందరను లెక్క ఒక కారణమనుట నిజము. కాని మరియొకటి కూడ కలదని మాకు తోచును. తెలుగు పక్షమున వ్రాసిన ఆ గొప్ప పత్రములు ఇంగ్లీషులో నున్నవి. అవి అధికారుల కొరకు వ్రాసినవి. పరీక్ష నియమములు అధికారుల చేతిలో నుండెను గనుక అట్లు వ్రాయుట తప్పు కాదు. కాని ఆ అధికారులు చెవియొగ్గి వినుచుండినది తెలుగుదేశపు సంతకములకు. ఆ సంతకములు పెట్టినవారికి, తమ పిల్లలను బడికి పంపువారికి, పల్లెటూరి ఉపాధ్యాయులకు ఈ వాదము చేరలేదు. వారు వినినది, మన కావ్యభాషను చంపుచున్నారు అను ఒక్క మాటయే. హేతువు ఎంత దృఢమైనదైనను, వినవలసినవాని చెవికి చేరనిచో అది పెట్టెలోని దీపము.

తరువాతి కథ ఈ యూహను బలపరచుచున్నది. రామమూర్తి పంతులుగారు నిరాశపడి కూర్చుండలేదు. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజము ఏర్పడినది. దానికి అధ్యక్షులు వీరేశలింగం పంతులుగారు, కార్యదర్శి రామమూర్తి పంతులుగారు. ఒకప్పుడు గ్రాంథిక వచనమునకు పెద్దదిక్కైన వీరేశలింగముగారు జీవితపు చివరి నెలలలో ఈ పక్షమున నిలుచుటయే ఒక మహావాదము. ఆ సంవత్సరము మే 27న ఆయన దివంగతులైరి. ఆ ఏడే రామమూర్తి పంతులుగారు తెలుగు అను పేర మాసపత్రికను ప్రారంభించిరి. ఊరూరికి పోయి సభలలో మాటలాడిరి. ఆయన చేసిన తంత్రము వీరేశలింగముగారు 1879లో చేసిన తంత్రమే: ఎదుటివారు ఒప్పుకొను ప్రమాణమునే చేతబట్టుట. పండితులకు ప్రమాణము వ్యాకరణము. ఆ వ్యాకరణమునే చేతబట్టి, గ్రాంథికమే వ్రాయవలెననువారి పుస్తకములలోనే ఆ వ్యాకరణమునకు విరుద్ధములైన ప్రయోగములను పుటల సంఖ్యలతో చూపిరి. వాడుకకు గౌరవము లేదనువారికి పూర్వుల వచనమును ఏర్చి కూర్చి గద్యచింతామణిగా చూపిరి. 1924లో ఆంధ్రసాహిత్య పరిషత్తే వ్యావహారికముపై తన నిషేధమును తొలగించెను. ఆయన శిష్యులైన తాపీ ధర్మారావుగారు 1930ల నడుమ జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపి, వార్తలకును సంపాదకీయములకును ఆ భాష చాలునని చూపిరి. రామమూర్తి పంతులుగారు 1940 జనవరి 22న కీర్తిశేషులైరి. ఆయన జన్మదినమగు ఆగస్టు 29ని నేడు తెలుగు భాషాదినముగ జరుపుకొనుచున్నాము. 1914లో ఓడిన వాదము పత్రికలలోను, బడులలోను, రేడియోలోను గెలిచినది. దానికి పట్టినది ఒక తరము కాలము.

అయితే భాష విషయమున గెలిచితిమి గాని వ్యాసము విషయమున గెలిచితిమా? ఆనాటి పెద్దలు విద్యార్థికి వాని భాషను కోరినది, వాడు తన యభిప్రాయము తాను చెప్పుట కొరకు. ఇప్పుడు భాషకు అడ్డులేదు. వాడు వ్రాయుచున్నదేమి? పరీక్షకు రాదగిన పది విషయములు, వాటికి సిద్ధముగ నున్న పది వ్యాసములు, ముందొక సూక్తి, వెనుకొక సూక్తి. గ్రాంథికమున ఆవు పోయి వాడుకలో ఆవు వచ్చెను. మా యొద్దకు ప్రసంగముల వ్రాతప్రతులు వచ్చుచుండును. పెద్దచదువులు చదివినవారు వ్రాసిన వానిలో కూడ పదింట ఏడెనిమిదింటిలో విషయముండును గాని ప్రశ్న యుండదు; సమాచారముండును గాని పక్షముండదు. పది నిమిషముల ప్రసంగములో మూడవ నిమిషమునకే వినువాడు మీట త్రిప్పివేయునను భయము వారికి లేదు. ఆ భయము లేనివాడు ఒప్పింపజాలడు.

కావున ఉపాధ్యాయులకును, ఇంట పిల్లలను కూర్చుండబెట్టి చదివించు తల్లిదండ్రులకును మా మనవి యొకటి. ఆవును వదలనక్కరలేదు. ఆవు అను శీర్షికకు బదులు ఈ ప్రశ్న నిండు: మన ఊరి పశువుల మేతబీడును ఇండ్లస్థలములుగ మార్చవచ్చునా? ఇప్పుడు నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు పనికిరావు. పిల్లవాడు ఒక పక్షమున నిలువవలెను. కలము పట్టకముందు ఒక కాగితమును ఐదు గడులు చేసి, గడికొక వాక్యము మాత్రమే వ్రాయుమనుడు. ప్రశ్న యేమి, సందేహ మెక్కడ, ఎదుటివాడేమనును, నేనేమందును, దానివలన ఎవరికేమి కలుగును?

మూడవ గడియొద్ద వానిని తొందరపెట్టకుడు. బీడు కావలెనని వాదించు బాలుని, ఇల్లులేని కుటుంబమొకదాని యొద్దకు పోయి వారేమందురో విని రమ్మనుడు. ఇండ్లు కావలెనను బాలుని, నాలుగు గేదెలతో బ్రతుకు నీడ్చు ముసలమ్మ యొద్దకు పంపుడు. తిరిగి వచ్చి వారి మాటను వారు మెచ్చునట్లు వ్రాసినప్పుడే నాలుగవ గడికి అనుమతి. అచట మూడు హేతువులు చాలును. వానిలో బలమైనదానిని చివర పెట్టుమనుడు. ప్రతి హేతువునకు తాను చూచినదో, లెక్కించినదో ఒక ఉదాహరణము చూపుమనుడు. బీడు ఎన్ని ఎకరములు, అచట మేయు పశువులెన్ని, ఇల్లు లేనివారెందరు అని గ్రామ కార్యాలయమున అడిగి తెలిసికొన్న రెండంకెలు నూరు విశేషణములకు సాటి. ఈ వ్యాసమును ఎవరు చదువుదురని కూడ అడుగుడు. పంచాయతీ సభ్యులకు వ్రాయు మాట వేరు, తోటి బాలురకు వ్రాయు మాట వేరు. అంతయు అయిన తరువాత వ్రాసినదానిని బిగ్గరగా చదివింపుడు. చెవి పట్టుకొను తప్పు కన్ను పట్టుకొనలేదు. ఈ మాట మా వృత్తి మాకు నేర్పినది.

ఇట్లు వ్రాయుచుండగా ఒక్కొక్కప్పుడు ఒక వింత జరుగును. మూడవ గడి నింపుటకు పోయిన పిల్లవాడు తిరిగి వచ్చి, నేను పక్షము మార్చుకొంటినని చెప్పును. అప్పుడు ఉపాధ్యాయుడు కోపపడరాదు. మొదటి కాగితము చింపి రెండవ కాగితము ఇయ్యవలెను. ఇతరులను ఒప్పించుట నేర్చుకొనవచ్చిన బాలుడు, న్యాయమైన మాటకు తాను ఒప్పుకొనుట ముందుగ నేర్చుకొనెను. వీరేశలింగం పంతులుగారు డెబ్బది యేండ్ల వయసున చేసినది అదియే గదా!